సూపర్‌టక్స్: ఒక దూకులో ఉన్న పనితనం

మంచు దిబ్బల మీద పరుగెత్తుతూ, గుంతలు దాటుతూ, ఎదురొచ్చినవాటిని తొక్కుతూ సాగే ప్లాట్‌ఫాం గేమ్ సూపర్‌టక్స్. లినక్స్ చిహ్నమైన పెంగ్విన్ టక్స్ ఇందులో నాయకుడు. విలన్ నోలక్ ఎత్తుకుపోయిన ప్రియురాలు పెన్నీని విడిపించడం అతని పని. ఈ గేమ్‌కు ధర లేదు, ప్రకటనలు లేవు. సోర్స్ కోడ్ జీపీఎల్ లైసెన్సు కింద అందరికీ తెరిచి ఉంది. 1985 నాటి సూపర్ మారియో బ్రదర్స్ మీది అభిమానమే దీని పుట్టుకకు మూలం.

బిల్ కెండ్రిక్ దీన్ని 2000లో మొదలుపెట్టారు. పిల్లలు బొమ్మలు గీసుకునే టక్స్ పెయింట్ చేసిందీ ఆయనే. నడుమ ఆగిన పనిని టోబియాస్ గ్లేసర్, ఇంగో రూంకే తదితరులు అందుకుని 2004లో తొలి మైలురాయి విడుదల చేశారు: 26 లెవెళ్ల అంటార్కిటికా. రూంకే బొమ్మలు చూశాక ఇది ఉచితంగా వచ్చిన గేమ్ అంటే ఎవరూ నమ్మరు.

అసలు విద్య దూకడంలో ఉంది. కోడ్ తెరిచి చూస్తే ఆ నేర్పు అంకెల్లో కనిపిస్తుంది. టక్స్ నడక వేగం సెకనుకు 230 పిక్సెళ్లు మించదు, పరుగు 320 మించదు. నడక వేగంలో దూకితే పైకి లేచే తొలి వేగం 520, దాన్ని మించి పరుగెత్తుతూ దూకితే 580. ఈ 60 తేడా వల్లే ముందు నాలుగడుగులు పరుగెత్తి దూకాలన్న తెలివి ఆడేవారికి దానంతటదే వస్తుంది. కీ తొందరగా వదిలేస్తే గురుత్వాకర్షణ మూడింతలై చిన్న గెంతుతో సరిపోతుంది. నేల తాకడానికి పావు సెకను ముందే కీ నొక్కినా గేమ్ గుర్తుపెట్టుకుని, కాలు ఆనగానే ఎగరేస్తుంది. ఆడేవాడి వేలు కాస్త ముందే కదిలినా తప్పు పట్టని ఈ మర్యాద ఎంత గొప్పది! ఐస్‌బ్లాక్ అనే శత్రువు సంగతీ అంతే. తొక్కితే బిగుసుకుపోతుంది. తంతే జారుకుంటూ పోయి దారిలో ఉన్నవాటిని పడగొడుతుంది. గోడకు కొట్టుకుని వెనక్కి వచ్చిందా, టక్స్‌నే దెబ్బతీస్తుంది. యాక్షన్ కీ నొక్కిపట్టి దాన్ని చంకన పెట్టుకుపోవచ్చు కూడా.

లెవెళ్లన్నీ బ్రాకెట్లతో రాసిన మామూలు టెక్స్ట్ ఫైళ్లు, నోట్‌ప్యాడ్‌లో తెరిచినా చదువుకోవచ్చు. లెవెల్ పేర్లకు అనువాదపు గుర్తు పెట్టి ఉంటుంది కాబట్టి కోడ్ ముట్టుకోకుండానే మరో భాషలో పేరు పెట్టవచ్చు.

అభిమానుల గేములన్నిటికీ ఇంత ఆయుష్షు దక్కలేదు. ఫుల్ స్క్రీన్ మారియో 2013లో నింటెండో ఫిర్యాదుతో మూతపడింది. సూపర్‌టక్స్ తన బొమ్మలు, పాత్రలు, లెవెళ్లు తానే తయారుచేసుకుంది కాబట్టి నిలబడింది. ఇక ఫోన్ స్టోర్లలో కుప్పలుగా దొరికే నకిలీ మారియోలను చూస్తే కడుపు మండుతుంది. రెండు నిమిషాలకో ప్రకటన, నాణేలకు డబ్బు, దూకితే ఎక్కడ పడతామో తెలియని మొరటు కదలిక. పిల్లలు ప్లాట్‌ఫాం గేమ్ అంటే ఇదే అనుకుంటున్నారు. ఇది అన్యాయం.

హైదరాబాద్‌లో ఈ బాధ ఇంకా ఎక్కువ, మంచి గేమ్ చేయగల చేతులు ఇక్కడే ఉన్నాయి కాబట్టి. 1998లో సైబర్ టవర్స్ తెరిచిన నాటి నుంచి హైటెక్ సిటీ, గచ్చిబౌలి ఆఫీసులు స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ మీద కోట్లు గడించాయి. తెలుగులో ఆపరేటింగ్ సిస్టం తెచ్చిన ‘స్వేచ్ఛ’ సంస్థ గచ్చిబౌలిలోనే విద్యార్థులకు శిబిరాలు పెడుతుంది. గేమ్ డెవలపర్ల ఐజీడీసీ సదస్సు చాలా ఏళ్లు జరిగిందీ ఈ నగరంలోనే. ఇన్ని చేతులున్న చోట తీసుకోవడమే తప్ప తిరిగివ్వడం అలవాటు కాలేదు.

తిరిగివ్వడానికి పెద్ద కంపెనీ అక్కర్లేదు. 2016లో వచ్చిన 0.5.0 నుంచి గేమ్‌లోనే లెవెల్ ఎడిటర్ ఉంది. నగరంలోని ఖాజాగూడ గుట్టలను 32 పిక్సెళ్ల గళ్లలో గీసి, ఒక వారాంతంలో లెవెల్ కట్టవచ్చు. సైబరాబాద్ ఇంజనీర్లు ఆ పనికి పూనుకోవాలి. కట్టినదాన్ని లైసెన్సుతో సహా అందరికీ ఇచ్చేయాలి.