గోరంత గిన్నెలో తూచిన అణువు

డిఫరెన్షియల్ స్కానింగ్ కెలోరీమీటర్‌కు గుండెకాయ లాంటివి రెండు చిన్న అల్యూమినియం గిన్నెలు. ఒకదాంట్లో కొద్ది మిల్లీగ్రాముల లిపిడ్ వేసి, మూత పెట్టి, అంచులు బిగిస్తారు. రెండోది ఖాళీ. 1962లో పెర్కిన్-ఎల్మర్ సంస్థలో వాట్సన్, ఓనీల్ రూపొందించిన పద్ధతిలో గిన్నెకో హీటర్ ఉంటుంది. రెండు గిన్నెలూ ఒకే వేగంతో, అడుగు తప్పకుండా వేడెక్కాలి. కరగడం మొదలవగానే లిపిడ్ వేడిని పీల్చుకుంటూ వెనకబడబోతుంది. అలా వెనకబడనివ్వకుండా దాని హీటర్ అదనపు విద్యుత్తు అందిస్తుంది. యంత్రం గీసేది ఆ అదనపు ఖర్చునే. సమానంగా ఉంచడానికి ఎంతైందో లెక్కగట్టి లోపలి మార్పును పట్టుకోవడం ఎంత చక్కని ఆలోచన! పనికి ముందు ఇండియం లోహాన్ని కరిగించి, 156.6 డిగ్రీల సెల్సియస్ దగ్గరే కరుగుతోందో లేదో సరిచూసుకుంటారు.

గీతలో శిఖరం ఉన్న చోటు మార్పు జరిగే ఉష్ణోగ్రతను చెబుతుంది. శిఖరం కింది వైశాల్యం ఎన్‌థాల్పీ, అంటే ఆ మార్పుకు పట్టిన వేడి. దాన్ని కెల్విన్లలో ఉష్ణోగ్రతతో భాగిస్తే ఎంట్రోపీ వస్తుంది; లిపిడ్ అణువుల తోకలు, అంటే వాటి పొడవాటి కార్బన్ గొలుసులు, ఎంతగా క్రమం తప్పాయో దాన్నిబట్టి తెలుస్తుంది.

ఒక్క అణువు గీతతో ఇంతవరకే. హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో ఎం.జె. స్వామి బృందం ఎన్-ఎసైల్ ఇథనాలమైన్లనే లిపిడ్ల వరుసనే పరీక్షకు పెట్టింది. వీటన్నిటికీ తల ఒకటే, తోక పొడవే వేరు. కార్బన్ల సంఖ్యకు ఎదురుగా ఎన్‌థాల్పీని గుర్తిస్తే సరళరేఖ వచ్చింది. ఎంట్రోపీకీ అంతే. రేఖ వాలు తోకలో ఒక్కో కార్బన్ వాటా. తోక పొడవును సున్నాకు తెస్తే మిగిలేది తల, కొసల వాటా. అణువును కోయకుండానే తలనూ తోకనూ విడివిడిగా తూచారన్నమాట.

ఉష్ణోగ్రత మాత్రం సరళరేఖలో నడవదు. అది ఆ రెండు రాశుల నిష్పత్తి కాబట్టి తోక పొడవయ్యేకొద్దీ పెరుగుదల తగ్గుతూ వస్తుంది. కణపొరల్లోని ఫాస్ఫాటిడైల్‌కోలిన్లలోనూ ఇది కనిపిస్తుంది. తోకల్లో 14, 16, 18 కార్బన్లున్నవి సుమారు 24, 41, 55 డిగ్రీల దగ్గర మెత్తబడతాయి. మొదటి అంగ 17 డిగ్రీలు, రెండోది 14.

ఇక అమరిక సంగతి. ద్రావణం నుంచి ఓపిగ్గా స్ఫటికాలు పెంచి, వాటి మీదికి ఎక్స్-కిరణాలు పంపుతారు. 14 కార్బన్ల ఎన్-మిరిస్టాయిల్ ఇథనాలమైన్ అణువులు తోకకు తోక ఎదురుగా, రెండు వరుసలుగా పేర్చుకుని కనిపించాయి. తోకలు సుమారు 37 డిగ్రీలు వాలి ఉన్నాయి. పక్కపక్క అణువుల అమైడ్ భాగాలను, ఎదురెదురు పొరల హైడ్రాక్సిల్ కొసలను హైడ్రోజన్ బంధాలు కలిపి ఉంచాయి. ఇది చూశాక సరళరేఖకు కారణం అర్థమవుతుంది. తోకలు ఇంత క్రమంగా ఒత్తుకుని ఉన్నప్పుడు, చేరిన ప్రతి కార్బన్ తన పొరుగుతో ఒకే మోతాదు పట్టు సంపాదిస్తుంది. విడదీయడానికీ ఒకే మోతాదు వేడి కావాలి.

మొక్కల్లోనూ జంతువుల్లోనూ కణాలు ఒత్తిడికి లోనైనప్పుడు ఈ అణువుల పాళ్లు పెరుగుతాయి. అప్పుడు అవి పొరను ఏం చేస్తాయో ఊహించడానికి ఈ గీతలూ స్ఫటికాలూ గట్టి ఆధారాలు.