భ్రాంతిమదలంకారము - ప్రత్యక్షభ్రమ

ఇటీవలి అలంకారవిమర్శలలో నొక వాదము తరచుగ వినవచ్చుచున్నది. భ్రాంతిమదలంకారమును నిరూపించిన మన లాక్షణికులు పాశ్చాత్యులకంటె ముందుగనే ప్రత్యక్షభ్రమల మనస్తత్త్వమును గ్రహించిరనియు, ఆ యలంకారమున్న ప్రతిపద్యము కవియొక్క మనోవిజ్ఞానమునకు నిదర్శనమనియు దాని సారాంశము. అభిమానము మెచ్చదగినదే. కాని లక్షణగ్రంథములే యీ వాదమునకు ప్రతికూలముగ నున్నవని మా యభిప్రాయము.

సాహిత్యదర్పణకారుడగు విశ్వనాథుడు సాదృశ్యమూలకమై, కవిప్రతిభచే నుత్థాపితమైన భ్రాంతినే యలంకారముగ నంగీకరించెను. ముత్యపుచిప్పయందు వెండి యను లోకసిద్ధమగు భ్రాంతిని, సాదృశ్యము లేని భ్రాంతిని ఆయన స్పష్టముగ త్రోసిపుచ్చెను. మనస్తత్త్వశాస్త్రమునకు ప్రధానోదాహరణము కాదగినదేదో అదియే యిచ్చట బహిష్కృతమైనది. వెన్నెలను పాలని భ్రమించి పిల్లి నాకుట కన్ను చేసిన పొరపాటు కాదు. వెన్నెల తెల్లదనమును కొనియాడుటకు కవి కల్పించిన యుపాయము. లోకమున నే పిల్లియు నట్లు చేయదు. దీనిని తెలిసికొనుటకు ప్రయోగశాల యక్కరలేదు.

మనస్తత్త్వచర్చకు సాటియగు దానిని వెదకవలసినది అలంకారశాస్త్రమున గాదు, దర్శనముల ఖ్యాతివాదములందు. చిప్పను చూచి వెండి యనుకొనునపుడు, ఎదుటి వస్తువును చూచుటకును, వెండిని స్మరించుటకును గల భేదము తోచకుండుటయే భ్రమ యని ప్రాభాకరులందురు. ఇతరత్ర చూచిన వెండియే యిచ్చట చిప్పయందు తోచినదని నైయాయికులందురు. ఇరువురును స్మృతికి పాత్ర నొసగిరి. 1867లో పూర్తియైన దృష్టిశాస్త్రగ్రంథమున హెల్మ్‌హోల్ట్జ్ చూపులో మన కెరుకలేని యనుమానప్రక్రియ కలదని చెప్పినపుడు, పూర్వానుభవమునకు సరిగా నిట్టి స్థానమునే యిచ్చెను.

అంతకంటె ముఖ్యమైన పోలిక వేరొకటి కలదు. 1889లో ముల్లర్-లయర్ ప్రకటించిన బొమ్మలో రెండు గీతలు సమానములు. ఒకదాని కొనలయందలి రెక్కలు లోనికి మడిగియుండును. రెండవదానివి వెలికి విచ్చియుండును. రెండవది పొడుగుగ కనబడును. కొలిచి సమానములని నిశ్చయించుకొన్న పిమ్మటను ఆ పొడుగు పోదు. త్రాటియందలి పాము అట్టిది కాదు. దీపము తెచ్చినంతనే తొలగును. ఈ భేదము నద్వైతులు గుర్తించిరి. రజ్జుసర్పము నిరుపాధికభ్రమ. చెంతనున్న జపాకుసుమము వలన స్ఫటికము ఎఱ్ఱగ తోచుట సోపాధికభ్రమ. స్ఫటికము తెల్లనిదని యెఱిగినను, పువ్వున్నంతవరకు ఎఱుపు తోచుచునే యుండును. రెక్కలగీతలు ఈ రెండవ తెగకు చేరును. అయితే వానియందలి యుపాధి యేది? రెక్కలు మాత్రమేనా, చూచువాడు పెరిగిన పరిసరములును కూడనా? సెగాల్, కాంప్‌బెల్, హెర్స్కొవిట్స్ లు 1966లో ప్రకటించిన పరిశీలనలో వివిధసమాజములవారు ఈ బొమ్మకు సమానముగ మోసపోలేదు. కారణమును గూర్చిన వివాద మింకను తీరలేదు.

పరిశోధకవిద్యార్థులు నిర్వికల్పకమును సంవేదనమనియు, సవికల్పకమును ప్రత్యక్షమనియు సమీకరించుటయు నిట్టి తొందరపాటే. లైప్జిగ్‌లో 1879లో ప్రయోగశాల నెలకొల్పిన వుంట్ సంప్రదాయమున సంవేదనము అంతఃపరిశీలనముచే తెలియునది; నవ్యన్యాయమున నిర్వికల్పకము అనుమానముచే మాత్రమే తెలియునది.

ఇక కావ్యమున ప్రత్యక్షభ్రమకు నిజమైన యుదాహరణము కావలెనన్నచో భారత సభాపర్వమున మయసభను చూడవలెను. అది యలంకారము కాదు, కథావస్తువు. దుర్యోధనుడు స్ఫటికపు నేలను నీరని వస్త్రము నెత్తిపట్టుకొనెను. పిదప నీటిని నేల యని పడెను. మూసిన స్ఫటికద్వారమును తెఱచినదని నుదురు కొట్టుకొనెను. 1950లో గిబ్సన్ నిరూపించినట్లు నేల దూరమును, విస్తారమును కన్ను తెలిసికొనునది దాని యుపరితలపు నెఱసు వలన. నునుపైన స్ఫటికమున నది లేదు. కన్ను నిరాధారమైనచోట పూర్వజ్ఞానము ముందునకు వచ్చును. నీరుగ తోచినది నేలయైనదని యొకసారి నేర్చినవాడు, తరువాతి నీటిని నేల యని తలచుట సహజము. ఆతని పాటు అజ్ఞానమువలన గాదు, అప్పుడే నేర్చిన జ్ఞానమువలన.

వ్యాసభారతమున నీ వృత్తాంతము రెండుమారులు వచ్చును. కథకుడు చెప్పునపుడు నవ్వినవారు భీముడు, ఆతని సోదరులు, పరిచారకులు. దుర్యోధనుడు తండ్రికి చెప్పుకొనునపుడు నవ్వినవారిలో కృష్ణుడును, స్త్రీలతో గూడిన ద్రౌపదియు చేరిరి. మన పండితులు కొందరు ఈ రెండవ కథనమునే యథార్థముగ గ్రహించి, ద్రౌపది నవ్వును యుద్ధకారణముగ వ్యాఖ్యానించిరి. ఆ నవ్వు కథకుని నోట లేదు. నేలను నీరుగ చూచినవాని నోటనే యున్నది.