సంధ్యకేం మిగిలింది?

మా మదనపల్లె వైపు కాలేజీ పిల్లలకు క్యాంపంటే ముందు గుర్తొచ్చేది హార్స్‌లీ కొండే. నాలుగు వేల అడుగుల పైన, చల్లగాలిలో, ఇంటివాళ్ళ కంటికి దూరంగా నాలుగు రోజులు గడిపితే ప్రేమలు పుట్టకేం చేస్తాయి? పుట్టనివ్వండి. చిక్కల్లా కొండ దిగాక వస్తుంది, ఊళ్ళో అంతకుముందే ఎవరికో మాటిచ్చి ఉంటే.

ఇప్పటి అమ్మాయిలు ఫోన్లలో విరగబడి చూసిన 'ది సమ్మర్ ఐ టర్న్‌డ్ ప్రెటీ'లో గొడవా ఇలాంటిదే. జెన్నీ హాన్ 2009లో మొదలుపెట్టిన మూడు నవలలవి. 2022 నుంచి 2025 దాకా సీరియల్‌గా వచ్చాయి. సముద్రపు ఒడ్డున వేసవి ఇల్లు, అన్నదమ్ములిద్దరి మధ్య ఒక పిల్ల. తమ్ముడు జెరమాయా కాలేజీ సెలవుల్లో మరో అమ్మాయితో గడిపి వచ్చి, అప్పటికి మనం విడిపోయామనుకున్నానని సంజాయిషీ ఇస్తాడు.

ఈ సంజాయిషీ మనకు కొత్తదేం కాదు. 1978లో బాలచందర్ గారి 'మరో చరిత్ర' చూసి ఏడవని ఇల్లాలుందా? విశాఖలో పక్కపక్క ఇళ్ళు, తమిళ బాలు, తెలుగు స్వప్న. ఏడాదిపాటు కలుసుకోకుండా ఉంటే పెళ్ళి చేస్తామని పెద్దవాళ్ళ షరతు. (భాషే పెద్ద అడ్డుగోడ అన్నట్టు చూపిస్తే మా కుప్పం వాళ్ళకు నవ్వొస్తుంది. మూడు రాష్ట్రాలు కలిసే ఆ ఊళ్ళో తెలుగులో బేరం మొదలుపెట్టి అరవంలో ముగిస్తారు!) బాలు హైదరాబాదు వెళతాడు. అక్కడ సంధ్య, చిన్నవయసులోనే భర్త పోయినావిడ, అతనికి తెలుగూ నాట్యమూ నేర్పుతుంది. స్వప్న వేరే పెళ్ళికి ఒప్పుకుందని ఎవరో అబద్ధం చెబితే, ఒక ఉత్తరం ముక్కయినా రాయకుండా, ఆ ఉక్రోషంలో సంధ్యను చేసుకుంటానంటాడు.

మోసమా అది? స్వప్న పట్ల కాదని వాదించేవాళ్ళున్నారు. సరే, అబద్ధం నమ్మాడు పాపం. కానీ సంధ్య పట్ల? మనసు ఒకచోట పెట్టి మనిషిని మాత్రం ఇవ్వబోవడాన్ని ఏమనాలి? నన్నడిగితే, ఆ సినిమాలో అసలు దగా పడింది సంధ్యే. కథ మాత్రం ఆ తప్పును బాలు లెక్కలో రాయదు. ఆమె చేత విశాఖ ప్రయాణం చేయించి, నిజం కనుక్కునేలా చేసి, ఆమె చేతనే తప్పుకునేలా చేసి, దాన్ని త్యాగం అనిపిస్తుంది. వితంతువుకు ఆశపడే హక్కు ఇచ్చినట్టే ఇచ్చి లాగేసుకోవడం కాదూ!

అయినా బాలచందర్ గారిని ఒక్కందుకు మెచ్చుకోవాలి. సంధ్యకు ముఖం ఇచ్చారు. మాధవి కళ్ళు మాట్లాడతాయి. ఆ అమెరికా కథలో సెలవుల్లో తగిలిన పిల్ల పేరు లేసీ. ఆ పేరు తప్ప ఆమె గురించి మనకు తెలిసేదేముంది? కథానాయికకు కోపం తెప్పించడానికి పనికొచ్చింది, అంతే. ఇన్నేళ్ళ తర్వాత రాసిన కథ ఈ విషయంలో వెనకబడిందనే అంటాను.

పుంగనూరులో మా బంధువుల ఇంట ఆడవాళ్ళమంతా కూర్చుని ఈ మధ్య మళ్ళీ 'మరో చరిత్ర' చూశాం. చివర కొండ మీది దృశ్యానికి అందరూ కొంగులు తడుపుకున్నారు. సంధ్య సంగతేమిటని నేనంటే, "ఆమెకేం లేమ్మా, మంచిది" అంది ఒక పెద్దావిడ. ఆ మంచిదనం మీదే నాకు అనుమానం. విశాఖ నుంచి తిరిగొచ్చే దారంతా ఆమె ఏమనుకుంటూ వచ్చి ఉంటుంది? ఆ ఒక్క ప్రయాణం మీద ఎవరైనా నవల రాస్తే నేను తప్పక చదువుతాను.