స్లిప్పులో అప్రస్తుత ప్రసంగి

అష్టావధానం చూసినవాళ్ళకి అప్రస్తుత ప్రసంగి పని ఏమిటో చెప్పనక్కరలేదు. తక్కిన పృచ్ఛకులు సమస్యనో దత్తపదినో ఇచ్చి తమ వంతు కోసం ఓపిగ్గా కూర్చుంటారు. ఈయన మాత్రం అవధాని పద్యపాదం కూడదీసుకుంటున్న క్షణం కనిపెట్టి, వంకాయ కూర ఎందుకు మాడిందనో, ఎదురింటి కోడి ఇవాళ ఎందుకు కూయలేదనో అడ్డు తగులుతాడు. ఏకాగ్రత చెదరగొట్టడమే ఆయనకి సభ అప్పగించిన ఉద్యోగం. అయినా ఆయన్ని ఎవరూ అల్లరివాడనరు. అవధానికి తిరిగి జవాబు చెప్పే వంతు ఉంది. ఆ జవాబు బాగుంటే అందరికంటే ముందు నవ్వేది ప్రశ్న వేసినాయనే. అవధాని కులమేమిటి, ఒంటి రంగేమిటి అని అడిగే మనిషిని మాత్రం ఏ సభా అప్రస్తుత ప్రసంగి అనదు.

టెస్టు క్రికెట్టులో ఈ పీఠం మీద ఇద్దరు కూర్చుంటారు. ఒకరు బ్యాట్స్‌మన్ వెనక స్లిప్పులో, వికెట్ల దగ్గర నిలబడ్డ ఆటగాడు. రెండోవాడు బౌండరీ అవతల టిక్కెట్టు కొనుక్కుని కూర్చున్న అభిమాని. వీళ్ళ మాటల్ని క్రీడా విలేఖరులు వార్తలుగా రాస్తారు. నేను వాటిని వాచకాలుగా చదవదలచుకున్నాను. ఆస్ట్రేలియా గడ్డ మీద మన జట్టు ఆడిన మూడు సిరీసులు, 2018–19, 2020–21, 2024–25, ఇందుకు చాలు. ఆట గురించి తీర్పు చెప్పే అర్హత నాకు లేదు. మాటల గురించి మాత్రం కొంత ఉందనుకుంటాను.

ముందు ఒక్క మాట. ఇన్నింగ్స్ అన్న పదానికి తెలుగులో వంతు అంటే సరిపోతుంది. టెస్టులో ఒక్కొక్క జట్టుకి రెండు వంతులు, మొత్తం అయిదు రోజులు. సంభాషణని పరిశీలించే భాషాశాస్త్రజ్ఞులు కూడా వంతు అనే ఊహ మీదనే వాళ్ళ శాస్త్రమంతా కట్టారు. ఒకడు మాట్లాడటం, రెండోవాడు అందుకోవడం. కవ్వింపుకి సహజమైన చోటు టెస్టేనని నా అభిప్రాయం. సోమవారం అన్న మాటకి బుధవారం బ్యాటుతో జవాబు చెప్పే అవకాశం ఇరవై ఓవర్ల ఆటలో ఏదీ?

2018 డిసెంబరులో మెల్‌బోర్న్ టెస్టు. ఆస్ట్రేలియా కెప్టెన్, వికెట్‌కీపర్ టిమ్ పెయిన్, బ్యాటింగుకి వచ్చిన రిషభ్ పంత్‌ని మెల్లగా గిల్లాడు. వన్డే జట్టులోకి ధోనీ తిరిగి వచ్చాడు గనక నీకు తీరిక దొరికింది, మా ఊరు హోబర్ట్ వచ్చి ఆడుకో, నేనూ మా ఆవిడా సినిమాకి వెళ్ళినప్పుడు మా పిల్లల్ని కూడా చూసుకుందువుగాని, అన్న ధోరణి అది. పెయిన్ బ్యాటింగుకి వచ్చినప్పుడు పంత్ అతన్ని తాత్కాలిక కెప్టెన్ అని ఎత్తిపొడిచాడు. స్మిత్ మీద నిషేధం ఉన్నందువల్ల పెయిన్‌కి ఆ పదవి దక్కింది గనక దెబ్బ తగలవలసిన చోటే తగిలింది. కానీ అసలు జవాబు అది కాదు. 2019 జనవరి 1న ఆస్ట్రేలియా ప్రధాని ఇచ్చిన విందులో పంత్ పెయిన్ గారి పిల్లవాణ్ణి ఎత్తుకుని, పెయిన్ భార్య పక్కన నిలబడి ఫోటో తీయించుకున్నాడు. ఆ ఫోటోని లోకానికి చూపించింది కూడా ఆమే. కవ్వింపు వేసిన ఇంటివాళ్ళే కవ్వింపు ఓడిపోయిందని ఒప్పుకుని నవ్వడం! ఇది మనకి కొత్త కాదు. పెళ్ళిళ్ళలో వియ్యాలవారి మీద ఆడవాళ్ళు పాడే పాటలు విన్నవాళ్ళకి ఈ మేలమాడటం తెలుసు. ఆ పాటల్లో వియ్యపురాలి తిండిపోతుతనం ఉంటుంది, పిసినారితనం ఉంటుంది. రేపటి నుంచి వాళ్ళూ మనూ ఒకటే అన్న హామీ మాత్రం పాట కిందనే ఉంటుంది.

సిడ్నీలో భారత్ ఆర్మీ అనే మన అభిమానుల బృందం ఈ సంఘటన అందుకుని, పంత్ సిక్సర్లకీ పిల్లల్ని ఆడించడానికీ ప్రాస కుదిర్చి పాట కట్టింది. సిరీసు 2–1తో గెలిచిన మన ఆటగాళ్ళు కూడా ఆ పాట పాడుకున్నారు. కవిత్వంగా చూస్తే గొప్పదేమీ కాదు. అయినా అభిమానుల నుంచి నేను చూసినవాటిలో మంచి వాచకం ఇదే. ఎదుటివాడు అన్న మాటనే తీసుకుని, దానికి తిట్టు చేర్చకుండా, తమవాడికి కిరీటంగా పెట్టారు.

ఆంగ్లేయులూ ఆస్ట్రేలియన్లూ ఆడుకునే యాషెస్‌కి ఆ పేరు వచ్చిందే ఒక వెక్కిరింత వల్ల. 1882 ఆగస్టులో ఓవల్ మైదానంలో ఇంగ్లండు 7 పరుగుల తేడాతో ఓడితే, స్పోర్టింగ్ టైమ్స్ అనే ఇంగ్లీషు పత్రిక ఇంగ్లీషు క్రికెట్టు చనిపోయిందనీ, దహనం చేసి బూడిద ఆస్ట్రేలియాకి పంపుతారనీ సంతాప ప్రకటన అచ్చువేసింది. ఆ పత్రిక వెక్కిరించింది తన జట్టునే. మన తెలుగు క్రీడా పుటలకి ఈ గుణం ఇంకా పట్టుబడలేదు. చిత్తు, మట్టి కరిపించడం, ప్రతీకారం, చావుదెబ్బ అంటూ కుస్తీ గోదాలోంచీ యుద్ధభూమిలోంచీ తెచ్చుకున్న మాటలతో పని గడుపుకుంటున్నాయి. అయిదు రోజుల డ్రాకి ఈ భాషలో శీర్షిక పెట్టడం ఎంత కష్టమో ఆలోచించండి.

అలాంటి డ్రా ఒకటి 2021 జనవరి 11న సిడ్నీలో జరిగింది. కాకినాడలో పుట్టిన హనుమ విహారి తొడ కండరం పట్టేసి పరుగెత్తలేని స్థితిలో 161 బంతులు ఆడి 23 పరుగులు చేశాడు. నడుం నొప్పితో ఉన్న మద్రాసు అశ్విన్ 128 బంతుల్లో 39. దాదాపు 43 ఓవర్లు ఇద్దరూ కదలలేదు. అశ్విన్ విహారికి ధైర్యం చెబుతున్న మాటలు స్టంపు మైకులో అరవంలో వినిపించాయి. తెలుగువాడు అరవం వింటూ ఆస్ట్రేలియన్ల ఇంగ్లీషు తట్టుకోవడం ఈ పత్రిక చదువరులకి విడ్డూరంగా తోచదు. మీ దినచర్య అదే గదా.

ఆ మధ్యాహ్నం పెయిన్‌కి ఓపిక తగ్గింది. తరవాతి టెస్టు జరిగే గబ్బాకి నిన్నెప్పుడు తెచ్చుకుంటానా అని ఎదురు చూస్తున్నానని అశ్విన్‌తో అన్నాడు. ఆస్ట్రేలియా ఆ మైదానంలో 1988 తరవాత టెస్టు ఓడలేదు గనక ఆ మాటలో బలం ఉంది. నిన్ను ఇండియాకి ఎప్పుడు తెచ్చుకుంటానా అని నేనూ ఎదురు చూస్తున్నాను, అదే నీ ఆఖరి సిరీసు అవుతుందని అశ్విన్ అన్నాడు. వాక్య నిర్మాణం అదే, ఊరి పేరు మారింది, చివర ఒక ముక్క అదనంగా చేరింది. సమస్యాపూరణంలో ఇచ్చిన పాదాన్నే పట్టుకుని అర్థం తిప్పేయడం వంటిది ఇది. పెయిన్ దగ్గర దీనికి జవాబు లేకపోయింది. బూతుమాట ఒకటి దొర్లింది. ఆ సాయంత్రమే విహారి ఇచ్చిన క్యాచి కూడా జారింది. మర్నాడు పెయిన్ విలేఖరుల ముందు క్షమాపణ చెప్పుకున్నాడు. మాట అయిపోయినచోట బూతు వస్తుందన్నది భాషాశాస్త్ర సూత్రం కాదు గాని, అయి ఉంటే బాగుండేది. గబ్బాలో జనవరి 19న మనవాళ్ళు 328 లక్ష్యాన్ని మూడు వికెట్లు చేతిలో ఉండగా ఛేదించారు. పంత్ 89, అజేయుడు. పెయిన్ ఆ తరవాత మరో టెస్టు ఆడలేదు. 2021 నవంబరులో అతను కెప్టెన్సీ వదులుకున్న కారణం వేరు.

అదే సిడ్నీ టెస్టులో ఇంకొక వాచకం ఉంది. దాన్ని పై వరసలో చేర్చడానికి వీల్లేదు. ఆట నాలుగో రోజున, బౌండరీ దగ్గర ఫీల్డింగు చేస్తున్న హైదరాబాదు మహమ్మద్ సిరాజ్ ప్రేక్షకుల మాటలు భరించలేక అంపైర్ల దగ్గరికి వెళ్ళాడు. ఆట పది నిమిషాల పాటు ఆగింది. ఆరుగురిని బయటికి పంపారు. మన ఆటగాళ్ళ మీద జాతి దూషణ జరిగిన మాట నిజమేననీ, అయితే ఆనాడు కెమెరాలకి చిక్కిన ప్రేక్షకులు దానికి బాధ్యులు కారనీ తరవాత క్రికెట్ ఆస్ట్రేలియా విచారణలో తేల్చింది. సిరాజ్ తండ్రి ఆటో నడిపినవాడు. కొడుకు ఆస్ట్రేలియాలో ఉండగా 2020 నవంబరులో పోయాడు. సిరాజ్ ఇంటికి రాలేదు. ఇంత మోస్తున్న మనిషి వీపు వెనక కూర్చుని అతని పుట్టుకని అనడంలో అన్యాయం సరే, వాచకంగా దాని లోపం ఎక్కడుందో చూడాలి. బౌలింగు చెత్తగా వేశావంటే సిరాజ్ మర్నాడు జవాబు చెప్పగలడు. గబ్బాలో రెండో ఇన్నింగ్స్‌లో 73 పరుగులకి 5 వికెట్లు తీసి చెప్పాడు కూడా. ఒంటి రంగుకి ఏ బంతితో జవాబు చెబుతాడు? అవతలివాడి వంతు లాగేసుకున్న మాట అది. తిట్టుకవుల మీద మనకి వెనకటి నుంచీ ముచ్చట ఉంది గాని, తిట్టుకవి తిట్టేది సాధారణంగా చేసిన పనికో చెయ్యని దానానికో.

ఇంతవరకూ చదివి, ఆస్ట్రేలియన్లు అలాంటివాళ్ళే అని తల ఊపకండి. 2019 ఐపీఎల్‌లో సరిగా వెయ్యనప్పుడు, క్రికెట్టు మానేసి వెళ్ళి మీ నాన్నతో ఆటో నడుపుకో అని తనని అన్నారని సిరాజ్ తరవాత ఒక ఇంటర్వ్యూలో చెప్పాడు. అన్నవాళ్ళు మన అభిమానులే. రెండు వాచకాలకీ వ్యాకరణం ఒకటే. రెంటిలోనూ ఆటగాడి చేత కాని దాన్ని వదిలి, అతని చేతిలో లేని దాన్ని పట్టుకున్నారు. పైగా ఆటో నడపడం తిట్టు ఎప్పుడయింది? ఆ మాట అన్నవాళ్ళలో ఎంతమంది ఆటో ఎక్కి స్టేడియానికి వచ్చి ఉంటారో!

పుట్టుకని బట్టి పక్షాలు కట్టిన చరిత్ర మన క్రికెట్టుకి లేకపోలేదు. బొంబాయి చతుర్ముఖ, పంచముఖ పోటీలలో జట్లే హిందువులు, ముస్లిములు, పార్సీలు, ఐరోపావారు అని ఉండేవి. నాగపూరులో స్థిరపడ్డ తెలుగు కుటుంబంలో పుట్టిన సి.కె.నాయుడు ఆడింది హిందువుల జట్టుకే. 1926లో ఎం.సి.సి. మీద 11 సిక్సర్లతో 153 పరుగులు చేసింది కూడా ఆ జట్టు తరఫునే. 1932లో లార్డ్స్‌లో ఆయన భారతదేశపు మొదటి టెస్టు కెప్టెన్ అయ్యాడు. పంచముఖ పోటీలు 1946లో ఆగిపోయాయి. అభిమాని నోట్లో మాత్రం ఆ పోటీ అప్పుడప్పుడు కొనసాగుతూనే ఉంటుంది.

మనం, మేం అనే రెండు సర్వనామాల సంగతి ఇక్కడ చెప్పుకోవాలి. టీవీ ముందు కూర్చుని ఒక్క బంతి వెయ్యని అభిమాని "మనం గెలిచాం" అంటాడు. ఆ మనంలో వింటున్నవాడు కూడా ఉన్నాడు. మేంలో లేడు. తమిళంలో నామ్, నాంగళ్; మరాఠీలో ఆపణ్, ఆమ్హీ ఈ తేడా చూపిస్తాయి. నేటి కన్నడంలో నావు ఒక్కటే. హైదరాబాదు, తమిళనాడు రంజీ మ్యాచి ఆడుతున్నప్పుడు మద్రాసులో పుట్టి పెరిగిన తెలుగు విద్యార్థి తమిళ స్నేహితుడితో ఏ సర్వనామం వాడాలి? నాంగళ్ అన్నాడా, తను పుట్టిన ఊరికే పరాయివాడయ్యాడు. నామ్ అన్నాడా, ఇంట్లో తాతగారు ఊరుకోరు. బెంగుళూరువాడికి కన్నడం దయదలచి ఈ చిక్కు తప్పించింది. ఎటు గెలిచినా నావు అని ఊరుకోవచ్చు. బయటి రాష్ట్రాల తెలుగువాళ్ళు ఇలాంటి వేళాకోళంలో ఆరితేరడానికి ఇదొక కారణమని నా ఊహ. ఎదుటివాణ్ణి ఎంత ఆటపట్టించినా సాయంత్రం అతనితోనే బస్సెక్కాలి.

2024–25 సిరీసు మాటల కంటె సంజ్ఞలకి పేరు తెచ్చుకుంది. అడిలైడులో 140 పరుగులు చేసిన ట్రావిస్ హెడ్‌ని సిరాజ్ బౌల్డ్ చేశాడు. బాగా వేశావు అన్నానని హెడ్ చెప్పాడు. కాదు, అతను అన్నది అది కాదని సిరాజ్. అనలేదో, అన్నా వేరుగా వినబడిందో! 140 కొట్టినవాడు ఆ మాట అంటే స్తుతీ కావచ్చు, నిందాస్తుతీ కావచ్చు. పదాలని బట్టి తేలే సంగతి కాదది. సిరాజ్ పెవిలియను వైపు చెయ్యి చూపి సాగనంపినందుకు మ్యాచి ఫీజులో 20 శాతం జరిమానా పడింది. అడిలైడు జనం అతన్ని హోరెత్తించారు. ఆ హోరులో నాకు తప్పు కనబడదు. అతను చేసిన పనికి వచ్చిన హోరు అది. 2025 జనవరిలో సిడ్నీ ప్రేక్షకులు గేలి చేస్తుంటే విరాట్ కోహ్లీ ఖాళీ జేబులు తిప్పి చూపించాడు. 2018లో కేప్‌టౌన్‌లో ఆస్ట్రేలియా ఆటగాడు జేబులో దాచిన గరుకు కాగితం గుర్తుచేయడం అన్నమాట. ఒక్క అక్షరం పలక్కుండా వేసిన ఎత్తిపొడుపు. రచనగా నాకు నచ్చింది. ఇదే కోహ్లీ 2019 ప్రపంచకప్పులో, శిక్ష అనుభవించి వచ్చిన స్మిత్‌ని గేలి చేస్తున్న మన అభిమానుల్ని ఆపమన్నాడు. ఈ రెండింటికీ పొంతన లేదని కొందరన్నారు. నాకైతే ఉన్నట్టే తోస్తుంది. అక్కడ వేలమంది నోరు ఒక్కడి మీద, ఇక్కడ ఒక్కడి జేబులు వేలమందికి జవాబు.

మెల్‌బోర్న్‌లో డిసెంబరు 28న విశాఖపట్నం కుర్రవాడు నితీశ్ కుమార్ రెడ్డి యాభై పరుగులు పూర్తిచేసి, పుష్ప సినిమాలో కథానాయకుడు గడ్డం కింద చెయ్యి తిప్పినట్టు బ్యాటు తిప్పాడు. ఆస్ట్రేలియన్లకి అది అర్థమయి ఉండదు. మనకి అయింది. తొంభై తొమ్మిది దగ్గర ఉండగా బుమ్రా అవుటయ్యాడు. ఆఖరివాడుగా సిరాజ్ వచ్చాడు. నితీశ్ అవతలి కొసన ఉన్నాడు, తండ్రి స్టాండులో ఉన్నాడు. సిరాజ్ కమిన్స్ వేసిన మూడు బంతులు ఆడాలి. ఒక్కొక్క బంతిని అతను ఆపినప్పుడల్లా మైదానం ఘొల్లుమంది. మూడు వారాల కిందట అడిలైడులో హోరు విన్నది ఈ సిరాజే. పరుగు లేని బంతికి అంత చప్పట్లు పడటం అరుదు. తరవాతి ఓవర్లో బోలండ్ బంతిని నితీశ్ బౌండరీ దాటించాడు. ఆ టెస్టు మనం 184 పరుగుల తేడాతో ఓడిపోయాం.