మసి పూసి మహానగరం చేసి

బొమ్మల కొలువు పెట్టే ఇంట్లో పెరిగినవాళ్లకి ఈ పని కొత్తేమీ కాదు. మెట్ల పక్కన ఇసుక పోసి, ఆవాలో రాగులో చల్లి, మొలకలొస్తే పొలమంటాం. అద్దం ముక్క చెరువు. రంగు కలిపిన రంపపు పొట్టు పార్కు. ఆ పక్కనే కీ ఇస్తే గుండ్రంగా తిరిగే రైలు. పండుగ వెళ్లగానే ఊరు ఊరంతా అట్టపెట్టెలోకి పోతుంది. అలా ఎత్తేయకుండా ఇరవై ఏళ్లకు పైగా కడుతూనే ఉంటే ఆ ఊరు ఎలా ఉంటుంది? గాయకుడు రాడ్ స్టీవర్ట్ కట్టిన బొమ్మరైలు నగరంలా ఉంటుంది.

ఈ బ్రిటిష్ రాక్ గాయకుడు కుర్రతనంలో పుట్టినరోజుకి బొమ్మ రైల్వేస్టేషన్ కావాలనుకుంటే, వాళ్ల నాన్న గిటారు తెచ్చి చేతిలో పెట్టారట. గిటారు పేరు తెచ్చింది, డబ్బు తెచ్చింది. స్టేషన్ మీద మోజు మాత్రం పోలేదు. లాస్ ఏంజెలెస్‌లోని తన ఇంటి పై అంతస్తులో 124 అడుగుల పొడవు, 23 అడుగుల వెడల్పున లేఅవుట్ కట్టి, ‘గ్రాండ్ స్ట్రీట్ అండ్ త్రీ రివర్స్ సిటీ’ అని పేరు పెట్టారు. 1940ల నాటి న్యూయార్క్, షికాగోల పోలికలున్న నగరమది. 2019లో ‘రైల్వే మోడలర్’ అనే బ్రిటిష్ పత్రిక దాన్ని లోకానికి చూపించింది. ఇదంతా ఎవరిచేతో కట్టించుకుని ఉంటారని రేడియోలో మాట వస్తే ఆయనే ఫోన్ చేశారు. తొంభై శాతం తన చేతిపనేననీ, కరెంటు పని రాదు కాబట్టి అది మాత్రం వేరొకరు చేశారనీ చెప్పారు. కచేరీలకు దేశాలు తిరుగుతున్నప్పుడు కూడా హోటల్లో ఇంకో గది తీసుకుని, మంచాలు బయట పెట్టించి, రంగుల వాసన పోవడానికి ఫ్యాన్లు పెట్టించుకుని భవనాలు చేసుకునేవారు.

ముందు కొలత సంగతి. ఇది హెచ్‌ఓ స్కేలు, అంటే అసలులో 87వ వంతు. రెండు పట్టాల మధ్య 1435 మిల్లీమీటర్ల ఎడం ఇక్కడ 16.5 మిల్లీమీటర్లకు దిగుతుంది. ఆరడుగుల మనిషి రెండు సెంటీమీటర్ల పైచిలుకు ఉంటాడంతే. ఆ లెక్కన 124 అడుగుల బల్ల మీద మూడు కిలోమీటర్లకు పైబడిన ఊరు పడుతుంది. స్టీవర్ట్ కట్టిన మేడల్లో కొన్ని అయిదడుగుల ఎత్తువి. అసలు నగరంలో అయితే ఒక్కొక్కటి 435 అడుగుల భవనమన్నమాట.

రైళ్ల చుట్టూ ఉన్న ఊరంటేనే ఆయనకు మక్కువ. పేవ్‌మెంట్లు మరీ శుభ్రంగా కనిపించకూడదన్నది ఆయన పట్టుదల. వినడానికి చాదస్తంలా ఉన్నా ఈ విద్య గుట్టంతా అక్కడే ఉంది. 1940ల నాటి అమెరికా నగరం బొగ్గుపొగలో బతికింది. ఇంజన్లు, ఫ్యాక్టరీలు, చలికాలపు పొయ్యిలు కలిసి గోడలను నల్లబరిచాయి. కొత్తగా మెరిసే గోడ పెడితే ప్లాస్టిక్కని ఇట్టే తెలిసిపోతుంది. మసి పట్టాకే అది ఇటుక గోడవుతుంది. మసి పూసి మారేడుకాయ చేయడమంటే మనకి మోసం. ఇక్కడ అదే పనితనం.

ఆ మసి ఎలా పడుతుందో చూడండి. ఇది ఈ పని చేసేవాళ్లందరికీ తెలిసిన పద్ధతే. నల్లరంగును నీళ్లలా పలచన చేసి గోడంతా పారిస్తారు. అది ఇటుకల సందుల్లోకి దిగి నిలుస్తుంది. పైపైది గుడ్డతో తుడిచేస్తే సందుల్లో నలుపు మిగిలి, ప్రతి ఇటుకా విడిగా కనిపిస్తుంది. తర్వాత బ్రష్షును లేతరంగులో ముంచి, దాదాపు ఆరేదాకా తుడిచి, అంచుల మీద మాత్రం తాకిస్తారు. ఎండా వానా తిన్న అరుగుదల వచ్చేస్తుంది. కిటికీ గడపల కింద సుద్దపొడి ఒక గీతలా దింపితే ఏళ్ల తరబడి వాన కారిన చార.

పట్టాల దగ్గర పని ఇంకా సూక్ష్మం. మన ఊరి స్టేషన్లో పట్టాను ఒకసారి గమనించండి. చక్రాలు తిరిగే పైభాగం తళతళలాడుతుంది, పక్కలు తుప్పుతో గోధుమరంగులో ఉంటాయి. బొమ్మపట్టా అంతటా ఒకేలా మెరుస్తుంది కాబట్టి సన్నటి బ్రష్షుతో ఆ పక్కలకు మాత్రమే తుప్పురంగు వేస్తారు. ఇక కంకర. ఆవగింజ కన్నా చిన్న రాళ్లను చెంచాతో పోసి, స్లీపర్ల మీద ఒక్కటీ మిగలకుండా బ్రష్షుతో సర్దుతారు. ఫెవికాల్‌లాంటి తెల్ల జిగురును నీళ్లలో కలిపి డ్రాపర్‌తో చుక్కచుక్కగా వదులుతారు. దానికి ముందు, గిన్నెలు తోమే సబ్బు ఒక్క చుక్క కలిపిన నీళ్లు చిలకరిస్తారు. ఆ సబ్బు లేకపోతే జిగురు ముత్యంలా రాళ్ల మీదే నిలబడి, వాటిని పక్కకి నెట్టేస్తుంది. సబ్బు పడితే లోపలికి ఇంకిపోతుంది. అడుగు పొడవు పట్టాకి ఒక సాయంత్రం పడుతుంది. చూసేవాళ్లు మాత్రం కంకర జోలికి పోకుండా రైలునే చూస్తారు.

ఈ అభిరుచిలో రెండు కులాలున్నాయి. సేకరించేవాళ్లకి లయనెల్ కంపెనీ పాత ఇంజనో, మెర్క్‌లిన్ కంపెనీ పెట్టెలో గీత పడని బండో దొరికితే పండుగ. అట్టపెట్టె కూడా ఉంటే ధర ఇంకా పెరుగుతుంది. కట్టేవాళ్లు అంత ఖరీదైన ఇంజన్నే ఇంటికి తెచ్చి, బాయిలరు మీద మసి, చక్రాల దగ్గర నూనె మరకలు పెడతారు. అది చూస్తే మొదటివాళ్ల ప్రాణం ఉసూరుమంటుంది. నా ఓటు రెండోవాళ్లకే. పెట్టెలో ఉన్న రైలు వస్తువు. మసి పట్టిన రైలు ఎక్కడి నుంచో వచ్చింది, ఎక్కడికో పోతోంది.

మన దేశంలో చూడాలంటే పుణెలో జోషీ మినియేచర్ రైల్వే మ్యూజియం 1998 నుంచీ ఉంది. అంతదూరం వెళ్లలేకపోయినా, ఈసారి కొలువులో రైలు పెడితే పట్టాల పక్కలకు కాస్త తుప్పురంగు పూసి చూడండి. కరెంటుతో నడిచే రైలైతే, రంగు ఆరకముందే పట్టా పైభాగాన్ని గుడ్డతో తుడిచేయండి. కరెంటు అందేది అక్కడి నుంచే. అక్కడ రంగు మిగిలితే బండి కదలదు.