ఆదోని కోటలోని బొమ్మలు

మంత్రాలయం వెళ్ళివచ్చినవారిలో సిద్ది మసూద్ ఖాన్ పేరు విననివారు తక్కువ. ఆదోని నవాబు పళ్ళెంలో మాంసం పెట్టి, పైన బట్ట కప్పి రాఘవేంద్రస్వామిని పరీక్షించబోయాడని, స్వామి తీర్థం చల్లి బట్ట తీయిస్తే పళ్ళు కనిపించాయని, విస్తుపోయిన నవాబు ఏ ఊరు కోరితే ఆ ఊరు రాసిస్తానంటే స్వామి తుంగభద్ర ఒడ్డున ఉన్న మంచాలను అడిగారని భక్తులు చెప్పుకుంటారు. ఆ మంచాలే నేటి మంత్రాలయం. 1671లో స్వామి బృందావన ప్రవేశం చేసింది అక్కడే.

నవాబు కథ మనవాళ్ళకు అక్కడితో అయిపోతుంది. న్యూయార్క్, లండన్, డబ్లిన్ మ్యూజియాల్లో దక్కనీ చిత్రాలను చదివేవారికి మాత్రం ఆదోని ఇంకో సంగతికి గుర్తు. అద్భుతమైన బొమ్మలు కొన్ని ఈ కోటలో తలదాచుకుని, ఇక్కడి నుంచే లోకంలోకి వెళ్ళాయి.

మసూద్ ఖాన్ హబ్షీ. అంటే పూర్వీకులది అబిసీనియా, నేటి ఇథియోపియా. దక్కను సుల్తానుల కొలువుల్లో బానిసలుగా వచ్చి సేనానులుగా, మంత్రులుగా ఎదిగిన ఆఫ్రికన్లు చాలామంది ఉన్నారు. మసూద్ 1678 నుంచి 1683 దాకా బీజాపూరు రాజప్రతినిధి. సింహాసనం మీద ఉన్న సికందర్ ఆదిల్ షా నాలుగేళ్ళ వయసులో పట్టానికి వచ్చిన పిల్లవాడు. రాజ్యం చేజారిపోతోందని తెలిశాక మసూద్ పదవి వదిలి తన ఆదోనికి వచ్చేశాడు. విజయనగరం నుంచి 1568లో బీజాపూరు చేతికి వచ్చిన కోట ఇది. ఆయన శ్రద్ధగా కట్టించిన షాహీ జామియా మసీదు ఇప్పటికీ ఊళ్ళో నిలిచి ఉంది.

ఆయన రాజప్రతినిధిగా ఉన్న ఆ కొద్ది సంవత్సరాల్లోనే, 1680 ప్రాంతంలో, కమాల్ మహమ్మద్, చాంద్ మహమ్మద్ అనే ఇద్దరు చిత్రకారులు కలిసి బీజాపూరు రాజవంశాన్నంతా ఒక్క కాగితం మీద కూర్చోబెట్టారు. ఈ చిత్రం 1982లో న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియానికి చేరింది. రెండు వందల ఏళ్ళలో ఏలిన తొమ్మిదిమంది సుల్తానులూ ఒకే సభలో ఉంటారు. వంశకర్త యూసుఫ్‌కు ఇరాన్ షా ఇస్మాయిల్ తాళంచెవి అందిస్తుంటాడు: రాజ్యాధికారానికి ఆమోదముద్ర అది. చివర్లో చిన్నపిల్లవాడు సికందర్. చుట్టూ మొగలులు, మరాఠాలు కమ్ముకొస్తున్న రోజుల్లో వేసిన బొమ్మ ఇది. ఆ జంకు మచ్చుకైనా కనిపించదు. బంగారం ధారాళంగా పరుచుకుని ఉంటుంది. కాలమంటూ లేనట్టు తాతలూ ముత్తాతలూ పసివాడి పక్కన తీరిగ్గా కూర్చుంటారు. ఆరేళ్ళు తిరక్కుండా, 1686 సెప్టెంబరులో, బీజాపూరు ఔరంగజేబు వశమైంది. ఈ విషయం తెలిసి చూస్తే ఆ తాళంచెవి మీద నుంచి చూపు తిప్పుకోవడం కష్టం.

దక్కనీ చిత్రం గొప్పతనం ఎక్కడుందో తెలియాలంటే మొగలు చిత్రం పక్కన పెట్టి చూడాలి. మొగలు చిత్రకారుడికి ఎవరు, ఎక్కడ, ఏ సంఘటనలో ఉన్నారన్నది ముఖ్యం. ముఖం మీద ముడత కూడా వదలడు. దక్కనీ చిత్రకారుడికి ఆ నిజం సరిపోదు. కొండ ఊదారంగులో ఉండవచ్చు, ఆకాశం బంగారుపూతతో ఉండవచ్చు. పువ్వు మనిషంత ఎత్తుకు పెరగవచ్చు. కంటికి కనిపించే రంగును కాదని, ఆ క్షణానికి తగిన రంగును ఎంచుకునే ధైర్యం అతనిది. పందొమ్మిదో శతాబ్దం చివర ఐరోపాలో గోగాన్ వంటివారు చేసిన సాహసం అంటూ మనం పుస్తకాల్లో చదువుకునేది, బీజాపూరులో మూడు వందల ఏళ్ళ ముందే రోజువారీ పని.

పనితీరు మాత్రం కఠినమైనది. ముందు కాగితం: రెండు మూడు పొరలు అతికించి, అకీకు రాయితో రుద్ది రుద్ది నున్నగా చేస్తారు. సన్నని గీతలతో రూపు కట్టి, దాని మీద పల్చగా తెలుపు పూస్తారు. కింది గీత లీలగా కనిపిస్తూ ఉండాలి. దాన్ని మళ్ళీ సరిదిద్దుకున్నాకే రంగుల వంతు. ఆఫ్ఘనిస్తాన్ బదక్షాన్ గనుల నుంచి వచ్చే నీలిరాయి, పాదరసమూ గంధకమూ కలిసిన ఇంగిలీకం, పసుపుకు హరిదళం, నీలిమందు, సీసపు తెలుపు, దీపపు మసి. వీటిని ఓపికగా నూరి తుమ్మబంకతో కలుపుతారు. కుంచె ఉడుత తోక వెంట్రుకలది. రంగు ఆరాక కాగితాన్ని నున్నటి రాతి పలక మీద బోర్లించి వెనక నుంచి రాయితో రుద్దుతారు. రంగు కాగితాన్ని గట్టిగా పట్టుకుంటుంది, పైతలం నిగనిగలాడుతుంది. ఆపైన మళ్ళీ ఒక పొర, మళ్ళీ రుద్దుడు.

బంగారం ఆఖరున. రేకును నూరి పొడి చేసి, బంకతో కలిపి పూసి, మెరుగు పెడతారు. నగల దగ్గర సూదిమొనతో చిన్న చిన్న గుంటలు గుచ్చుతారు. పుట చేతిలో కాస్త వంచితే ఒక్కో గుంటా వెలుతురును ఒక్కో వైపుకు విసురుతుంది. గాజు వెనక గోడకు తగిలించి చూసేవారికి ఈ ఆట దొరకదు. ఇవి చేతిలో పట్టుకుని, వంచుతూ చూడడానికి పుట్టిన బొమ్మలు. వెండి సంగతి వేరు. అది కాలక్రమాన నల్లబడుతుంది. పాత చిత్రాల్లో మసకబారిన మచ్చలా ఉన్న కొలను ఒకప్పుడు తళతళలాడిన నీరు.

వీటన్నిటిలో ఒక్కటే ఎంచమంటే డబ్లిన్‌లోని చెస్టర్ బీటీ లైబ్రరీలో ఉన్న యోగినిని ఎంచాలి. 1600 తరవాత కొన్నేళ్ళకు, రెండవ ఇబ్రహీం ఆదిల్ షా కాలంలో బీజాపూరులో పుట్టిన చిత్రం. ఒళ్ళంతా విభూతి, నెత్తిన ముడి. ఐనా మెడలో, చేతులకు నగలు. చేతి మీద గోరువంక. ఆ పిట్టతో మాటాడుతోందా, పిట్ట చెప్పేది వింటోందా అన్నది చూసేవారికే వదిలేశాడు చిత్రకారుడు. పక్కన అసాధ్యమైన పరిమాణంలో పూలు. ఎక్కడో వెనకాల కొండ మీద తెల్లటి రాజభవనం. ఆమె వదిలి వచ్చిన ఇల్లు అదేనేమో అనిపిస్తుంది. వైరాగ్యమూ వైభవమూ రెంటినీ ఒకే మనిషిలో, ఏ ఒక్కటీ అబద్ధం కాకుండా చూపించడం అరుదు. దీన్ని ప్రపంచపు మేటి చిత్రాల వరసలో నిలబెట్టడానికి వెనకాడనక్కర్లేదు.

ఇబ్రహీం స్వయంగా సంగీతప్రియుడు. దక్కనీ భాషలో ‘కితాబ్-ఎ-నౌరస్’ అనే పాటల పుస్తకం రాసి, సరస్వతినీ గణపతినీ అందులో స్తుతించాడు. ఇరాన్‌లో పుట్టిన ఫర్రుఖ్ బేగ్ గీసిన ఇబ్రహీం బొమ్మ ఒకటి ప్రాగ్‌లో ఉంది. అందులో సుల్తాను తంబూరా వాయిస్తుంటాడు, చేతిలో కత్తి లేదు.

బీజాపూరువారి మరో విద్య అబ్రీ. నీటిని బంకతో చిక్కబరిచి, పైన రంగులు చల్లి కదిపి, కాగితాన్ని మెల్లగా పరుస్తారు. నీటి మీద తేలే సుడులు కాగితానికి అంటుకుంటాయి. ఇరాన్, టర్కీల్లో ఇది ఎక్కువగా అంచుల అలంకారం. ఇక్కడివారు రంగు అంటకూడని చోట్లను ముందే మూసిపెట్టి, సుడులతోనే ఆకారాలు తెప్పించారు. కలంకారీలో మైనం చేసే పనే ఇదీ. 1625 ప్రాంతపు బక్కగుర్రం చిత్రం మెట్రోపాలిటన్ మ్యూజియంలో ఉంది. పక్కటెముకలు లెక్కపెట్టదగ్గ ఆ జంతువు ఒంటి మీద రంగుల అలలు కదులుతుంటే, ఆకలి కూడా బొమ్మలో భాగమైపోయినట్టుంటుంది.

ఇక ఆదోని. బీజాపూరు పడ్డాక మొగలు సేనాని ఫిరోజ్ జంగ్ ఈ కోట మీదికి వచ్చాడు. హైదరాబాదు మొదటి నిజాముకు తండ్రి ఈయనే. ఫిరంగులు జామియా మసీదు వైపు తిప్పేసరికి, కట్టించుకున్న కట్టడాన్ని కాపాడుకోవడానికి మసూద్ లొంగిపోయాడని ఈ ప్రాంతంలో చెప్పుకుంటారు. 1688లో ఆదోని మొగలుల పరమైంది. మొగలుల తరఫున ఇక్కడ అధికారం చేసినవాడు బికనీరు మహారాజు అనూప్ సింగ్. కోటలోని బొమ్మలూ గ్రంథాలూ ఆయన వెంట ఎడారిదారి పట్టాయి. బికనీరు రాజభాండాగారంలో తేలిన దక్కనీ చిత్రాల్లో కొన్నిటి వెనక ఆదోనిలో చిక్కినవని రాసి ఉంది. హెర్మన్ గోయెట్జ్ 1950లో బికనీరు కళల మీద వేసిన పుస్తకంతో ఈ ముడి పండితుల దృష్టికి వచ్చింది.

కొల్లగొట్టాడనాలా, కాపాడాడనాలా? రెండూ నిజమే. అనూప్ సింగ్ పుస్తకాల పిచ్చి ఉన్న మనిషి. దక్షిణాదిన సేకరించిన సంస్కృత గ్రంథాలు ఆయన పేరిట బికనీరు లైబ్రరీలో ఈనాటికీ ఉన్నాయి. యుద్ధాల్లో కరిగిపోకుండా దేవతామూర్తులను కూడా పోగుచేసి తన కోటకు పంపించాడు. 1698లో ఆదోనిలోనే కన్నుమూశాడు. ఆయన ఆస్థాన చిత్రకారుడు రుక్నుద్దీన్ పనిలో దక్కను మెత్తదనం, లేత ఊదాలు, సన్నని బంగారు గీతలు చోటుచేసుకున్నాయి. రాజస్థానీ చిత్రకళలో బికనీరు శైలి విడిగా గుర్తుపట్టేలా ఉండడానికి ఇదొక ముఖ్య కారణం.

బికనీరు భాండాగారం నుంచే రాగాలను నాయికానాయకుల రూపంలో చూపే, పదహారో శతాబ్దం చివరి రాగమాల చిత్రాలూ బయటపడ్డాయి. దక్కనులో గీసిన ఆ నాయికల పొడవాటి విగ్రహాలు, చీర కుచ్చెళ్ళు బిగువుగా పదునుదేరి నిలబడే తీరు చూస్తే, లేపాక్షి మంటపం పైకప్పు బొమ్మలు ఎరిగిన కళ్ళు ఠక్కున పోల్చుకుంటాయి.

మెట్రోపాలిటన్ మ్యూజియం 2015లో దక్కను సుల్తానుల కళ మీద పెద్ద ప్రదర్శన పెట్టింది. అంత దూరం పోలేనివారికి హైదరాబాదులో సాలార్‌జంగ్ మ్యూజియం, జగదీశ్-కమల మిత్తల్ మ్యూజియం ఉన్నాయి. పెద్ద మ్యూజియాలు తమ చిత్రాల్లో చాలావాటిని అంతర్జాలంలో ఉచితంగా ఉంచాయి. ఫోన్‌లో తెరిచి, ముఖాలు వదిలి ముందు నడుంపట్టీల మీదికి వెళ్ళాలి. ఎమ్మిగనూరు మగ్గాల మధ్య పెరిగినవారు అక్కడే ఎక్కువసేపు ఆగుతారు. పారదర్శకమైన మస్లిన్ కింద నుంచి అడుగు రంగు ఎంత తొంగిచూడాలో, బంగారు అంచు ఎక్కడ మడత తిరగాలో నిర్ణయించిన చేతికి నేతపని ఎంత బాగా తెలుసో వారికి వెంటనే అర్థమవుతుంది.