వారానికి రెండు గంటల ఇనుము

హైదరాబాద్ శాలిబండ గడియారపు గోపురం దగ్గర రాత్రి తొమ్మిదింటికి తల పైకెత్తి చూస్తే, హోటళ్ల మీద, బట్టల కొట్ల మీద, రెండో అంతస్తుల్లో అద్దాల ముందు ఇనుము ఎత్తే కుర్రాళ్లు కనిపిస్తారు. పాతబస్తీకి ఈ మోజు కొత్తగా పట్టింది కాదు. ఎర్రమట్టి తాలీంలలో దండీలు, బస్కీలు తీసి, ముగ్దర్లు తిప్పి, ఉస్తాద్ కళ్లెదుట ఒళ్లు వంచిన పహిల్వాన్ల ఊరిది. బార్కస్ పేరు వింటే ఈనాటికీ ముందు కుస్తీయే గుర్తొస్తుంది. మట్టి చోట రబ్బరు పరుపులు వచ్చాయి, ముగ్దరు చోట డంబెల్ వచ్చింది, ఉస్తాద్ చోట ట్రైనర్ వచ్చాడు. మారకుండా మిగిలింది ఇంట్లోవాళ్ల ప్రశ్న: ఈ ఇనుము మోస్తే ఏమొస్తుందిరా? నెలనెలా ఫీజు, పౌడరు డబ్బా, రోజుకు గంటన్నర, ఆపైన భుజం నొప్పో నడుం నొప్పో. అడిగేవాళ్లను పాతకాలపు మనుషులని తోసిపుచ్చడం తేలికే. కానీ రూపాయి రూపాయి లెక్కబెట్టుకునే ఇళ్లలో అది న్యాయమైన ప్రశ్న. కండ బిగించి చూపితే దానికి జవాబు అయిపోదు. లెక్క చూపించాలి.

నాకు తేలిన లెక్క ఇది. బరువులెత్తడం వల్ల ఆరోగ్యానికి ఒరిగే మేలులో పెద్ద వాటా వారంలో మొదటి రెండు గంటల్లోనే చేతికొస్తుంది. ఆ తరువాత పెట్టే ప్రతి గంటా, ప్రతి రూపాయీ వేరే దేనికో కట్టే ధర. అది అద్దంలో రూపం కావచ్చు, పతకం కావచ్చు, పేరు కావచ్చు. ఆ ధర కట్టడం తప్పనను. రెంటినీ ఒకే ఖాతాలో రాసుకోవడమే తప్పు. 2022లో జపాన్ పరిశోధకులు పదహారు అధ్యయనాలను కలిపి చూసి, బ్రిటిష్ జర్నల్ ఆఫ్ స్పోర్ట్స్ మెడిసిన్‌లో ఒక సమీక్ష ప్రచురించారు. కండరాలకు పనిచెప్పే వ్యాయామం చేసేవాళ్లలో అకాల మరణం, గుండెజబ్బు, క్యాన్సర్, మధుమేహం ముప్పు 10 నుంచి 17 శాతం దాకా తక్కువగా ఉంది. మరణం, గుండెజబ్బు, క్యాన్సర్ విషయంలో ఎక్కువ మేలు కనిపించింది వారానికి 30 నుంచి 60 నిమిషాల దగ్గరే. అంతకు మించి చేసినవాళ్లకు అదనంగా దక్కిందేమిటో ఆ లెక్కల్లో స్పష్టంగా తేలలేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 సూచనలు కూడా నడక లాంటి వాటికి తోడుగా వారానికి రెండు రోజులైనా కండరాలకు పనిచెప్పమంటాయి. ఆరు రోజులు అనవు. రెండు రోజులు, ఒక్కో రోజు గంటలోపు. నా రెండు గంటలు అక్కడినుంచి వచ్చినవే.

ఇలాంటి లెక్కల్లో ఒక లొసుగు ఉంటుంది. బరువులెత్తేవాళ్లు మొదటినుంచీ ఆరోగ్యవంతులు, తిండికి లోటులేనివాళ్లు కావచ్చు. మేలు ఇనుముది కాక ఇంటిది కావచ్చు. అందుకే బలహీనుల చేతికే బరువు ఇచ్చి చూసిన ప్రయోగాలు నాకు ఎక్కువ విలువైనవిగా కనిపిస్తాయి. 1990లో అమెరికాలోని బోస్టన్‌లో, సగటున తొంభై ఏళ్లున్న పదిమంది వృద్ధాశ్రమవాసుల చేత ఎనిమిది వారాలు కాళ్లతో గట్టి బరువులే ఎత్తించారు. శిక్షణ పూర్తిచేసినవాళ్ల కాళ్ల బలం సగటున 174 శాతం పెరిగింది. ఇద్దరు చేతికర్ర పక్కన పెట్టేశారు. ఆస్ట్రేలియాలో, 2018లో ఫలితాలు వెలువడిన లిఫ్ట్‌మోర్ ప్రయోగంలో, ముట్లుడిగి ఎముకలు పలచబడిన 101 మంది స్త్రీలను రెండు జట్లు చేశారు. ఒక జట్టు వారానికి రెండుసార్లు, అరగంట చొప్పున, నిజంగా బరువైన డెడ్‌లిఫ్టులు, స్క్వాట్లు చేసింది. రెండోది ఇంటి దగ్గర తేలిక వ్యాయామం చేసింది. ఎనిమిది నెలలకు మొదటి జట్టు వెన్నెముక సాంద్రత 2.9 శాతం పెరిగింది, రెండో జట్టుది 1.2 శాతం తగ్గింది. ఎముకలు పలచబడ్డవాళ్లు బరువెత్తకూడదని ఇళ్లలో చెప్పే మాటకు ఇంతకంటే నేరుగా జవాబు దొరకదు. అక్కడ పక్కన నిలబడి చూసే నిపుణులు ఉన్నారన్నది మాత్రం మరిచిపోకూడదు. ఈ మేలును మన ఇళ్ల భాషలో కొలవాలంటే పాతిక కిలోల బియ్యం బస్తా చాలు. నిండు గ్యాస్ సిలిండర్ దాదాపు ముప్పై కిలోలు. జిమ్‌లో మగవాళ్ల పోటీల రాడ్డు, పళ్లేలేమీ ఎక్కించకుండానే, ఇరవై కిలోలు. అరవై అయిదేళ్లకు బస్తాను నేలమీంచి లేపి అరుగు మీద పెట్టగల మనిషి పడిపోయినా తనంతట తాను లేస్తాడు, మెట్లెక్కుతాడు, స్నానానికి ఇంకొకరి చేయి అడగడు. నడక గుండెకు మంచిదే, దానికి పోటీ లేదు. కానీ వయసుతో కరిగే కండను, పలచబడే ఎముకను నడక ఒక్కటే ఆపలేదు. మధుమేహం మాటకొస్తే, తిన్న చక్కెరను రక్తంలోంచి తీసుకుని దాచుకునే అతిపెద్ద కొట్టు కండరమే. దేశంలో మధుమేహులు పదికోట్లకు పైగా ఉన్నారని భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) అధ్యయనం 2023లో తేల్చింది. ఆ కొట్టును పెంచుకోవడం ఇక్కడ సోకు కిందికి రాదు.

అసలు గట్టి అభ్యంతరం ఇంకొకటి ఉంది, పాతబస్తీలో అది మరీ సహజంగా వస్తుంది. బేగంబజారులో హమాలీ పొద్దుగూకులూ మోస్తున్నాడు కదా, రంజాన్‌లో ఇదే శాలిబండలో హలీం భట్టీల దగ్గర గంటల తరబడి చెక్క ఘోట్నీలతో మాంసం, గోధుమలు దంచే మనుషులున్నారు కదా, వాళ్లకు లేని జిమ్ మనకెందుకు? ఒళ్లు వంచి పనిచేస్తే అదే వ్యాయామం అన్న మాట వినడానికి ఎంతో సబబుగా ఉంటుంది. సాక్ష్యం మాత్రం దానికి ఎదురు చెబుతోంది. సుమారు 1,93,000 మందిని లెక్కలోకి తీసుకుని 2018లో వచ్చిన సమీక్షలో, ఉద్యోగంలో భారీ శారీరక శ్రమ చేసే మగవాళ్లకు, శ్రమ తక్కువ ఉన్నవాళ్లకంటే అకాల మరణం ముప్పు 18 శాతం ఎక్కువగా కనిపించింది. పేదరికం, పొగ, తిండి అన్నీ ఇందులో కలిసే ఉంటాయి, వాటిని పూర్తిగా విడదీయడం కష్టం. అయినా కారణం ఊహకు అందనిది కాదు. హమాలీ ఎంత బరువెత్తాలో హమాలీ నిర్ణయించుకోడు, లారీ నిర్ణయిస్తుంది. నడుం పట్టేసినా ఆ రోజు కూలి కావాలి. నిన్న మోసిన కండ కోలుకోకముందే ఇవాళ మళ్లీ మోయాలి. వంద సార్లూ అదే భుజం, అదే వంపు. రక్తపోటు గంటల తరబడి దిగదు. జిమ్‌లో బరువెత్తేవాడు అయిదుసార్లు ఎత్తి మూడు నిమిషాలు కూర్చుంటాడు, రెండు రోజులు ఆగుతాడు, వచ్చే వారం ఒకటిన్నర కిలో పెంచుతాడు, తినడానికి గుడ్లుంటాయి. కండ పెరిగేది బరువు మోస్తున్నప్పుడు కాదు, మోశాక దక్కిన విశ్రాంతిలో. హమాలీకి లేనిది బరువు కాదు, ఆ విశ్రాంతి. కాబట్టి ఈ అభ్యంతరం నా లెక్కను తిప్పికొట్టడం లేదు, బలపరుస్తోంది: ఎంత ఎత్తామన్నది ఎంత ముఖ్యమో, ఎప్పుడు ఆపామన్నదీ అంతే ముఖ్యం. ఇక హమాలీకి కావలసింది జిమ్ సభ్యత్వం కాదు. బస్తా బరువుకు హద్దు, తోపుడు బండి, కూలితో కూడిన సెలవు. ఈ మాట చెప్పకుండా కసరత్తు గురించి రాయడం నాకు సమ్మతం కాదు.

ఇక జిమ్‌లో ఒంటికి తగిలే దెబ్బల సంగతి. వెయిట్‌లిఫ్టర్ల గాయాల మీద 2017లో వచ్చిన సమీక్ష ప్రకారం, వెయ్యి గంటల సాధనకు గాయాలు 2.4 నుంచి 3.3 దాకా ఉంటాయి. భుజం, మోకాలు, నడుం ముందువరస. ఒకరినొకరు గుద్దుకునే ఆటలతో పోలిస్తే ఇది తక్కువే. ఈ అంకెను గంటల లెక్కలోకి తిప్పి చూస్తే అసలు సంగతి బయటపడుతుంది. వారానికి ఇరవై గంటలు సాధన చేసే క్రీడాకారుడు వెయ్యి గంటలు ఏడాదిలో పూర్తిచేస్తాడు. రెండు మూడు గాయాలు ఏటా అతని కోసం కాచుకుని ఉంటాయి. వారానికి రెండు గంటలు చేసేవాడికి అదే వెయ్యి గంటలు నిండడానికి తొమ్మిదేళ్లు దాటుతుంది. అదే ఇనుము, అదే ప్రమాదం, కాలం వేరు. రక్తపోటు అదుపులో లేనివాళ్లు, గుండెజబ్బు ఉన్నవాళ్లు డాక్టరును అడిగే మొదలుపెట్టాలి, ఊపిరి బిగబట్టి ఎత్తకూడదు. అందులో రాజీ లేదు. డబ్బు విషయానికొస్తే, దండగ ఎక్కువగా రాడ్డు దగ్గర కాదు, రాడ్డు చుట్టూ అమ్మే సరుకు దగ్గర జరుగుతుంది. మన తార్నాకలోనే ఉన్న జాతీయ పోషకాహార సంస్థ 2024 ఆహార సూచనల్లో, కండ పెంచడానికి ప్రొటీన్ పౌడర్లు వాడొద్దని చెప్పింది. బరువులెత్తేవాళ్లకు మామూలు మనిషికంటే మాంసకృత్తులు కాస్త ఎక్కువ కావాలన్నది నిజమే. ఆ కాస్త గుడ్లు, పెసలు, పల్లీలు, పెరుగు, వారానికోసారి మాంసం తెచ్చిపెడతాయి. పౌడరు కన్నా ప్రమాదకరమైంది సూది. ఆపరేషన్ బల్ల మీద పడిపోయిన రక్తపోటును నిలబెట్టడానికి వాడే మెఫెంటర్మిన్‌ను జిమ్ కుర్రాళ్లకు అమ్ముతున్నవాళ్లను ఈ నగరంలో పోలీసులు పలుమార్లు పట్టుకున్నారు. ఆ మందు కండ పెంచదు, గుండెను తరుముతుంది, అంతే. మూడు నెలల్లో భుజాలు రావాలన్న తొందరే ఆ సూదికి గిరాకీ. రెండు గంటల మనిషికి ఆ తొందరతో పనిలేదు.

ఇక్కడ నా లెక్కకు లొంగని మనుషులు ఇద్దరున్నారు, వాళ్లను దాటేసి వెళ్లడం తెలుగువాళ్లకు కుదరదు. శ్రీకాకుళం జిల్లా ఊసవానిపేట అమ్మాయి కరణం మల్లీశ్వరి 2000 సెప్టెంబరు 19న సిడ్నీ ఒలింపిక్స్‌లో స్నాచ్‌లో 110, క్లీన్ అండ్ జెర్క్‌లో 130, మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్యం తెచ్చింది. ఆడవాళ్ల వెయిట్‌లిఫ్టింగ్ ఒలింపిక్స్‌లోకి వచ్చిందే ఆ ఏడు. ఒలింపిక్ పతకం గెలిచిన తొలి భారత మహిళ ఆమె. స్వర్ణం, రజతం రెండూ 242.5 కిలోల దగ్గర ఆగాయి. చివరి ప్రయత్నంలో ఆమె 137.5 కిలోలు అడిగింది, అది నిలబడలేదు. నిలబడితే స్వర్ణమే. ఆ ఒక్క ప్రయత్నం వెనకున్న సాధనను ఆరోగ్యం ఖాతాలో రాయలేం, అది ఆరోగ్యం కోసం చేసింది కాదు. రెండోవాడు రాగాల వెంకట్ రాహుల్. 2018 గోల్డ్‌కోస్ట్ కామన్వెల్త్ క్రీడల్లో 85 కిలోల విభాగంలో 338 కిలోలతో స్వర్ణం గెలిచాడు. అతని ఊరు స్టువర్టుపురం. నేరస్థ తెగల చట్టం కింద తెల్లదొరలు ఎరుకలవాళ్లను తెచ్చి కాపలాలో కూర్చోబెట్టిన ఊరది. పేరు చెబితే దొంగలని నొసలు ముడిపడే ఊరు, సినిమాలు కూడా ఆ ముద్రనే అమ్ముకున్న ఊరు. ఆ ఊరి పేరును స్వర్ణ పతకం పక్కన పత్రికలు అచ్చువేసిన రోజు విలువ ఎంత? మోకాళ్ల నొప్పులతో, ఫీజులతో దాన్ని తూచే త్రాసు నా దగ్గర లేదు. ఒకటి మాత్రం చెప్పగలను. అది కావాలనుకునేవాళ్లు, చాలామంది ప్రయత్నిస్తే ఒక్కరికి దక్కే దాని కోసం ఒళ్లు పణంగా పెడుతున్నారు. గెలిచిన ఇద్దరిని చూపి పద్నాలుగేళ్ల పిల్లల్ని వారానికి ఇరవై గంటల సాధనలోకి దింపే పెద్దలు, గెలవని మిగతావాళ్ల భుజాలకు, చదువులకు, ఉద్యోగాలకు ముందే జవాబు సిద్ధం చేసుకోవాలి. క్రీడల కోటాలో రైల్వేలోనో పోలీసులోనో దొరికే ఉద్యోగం ఆ జవాబుల్లో ఒకటి, కానీ అందరికీ సరిపడా లేదు.

మళ్లీ శాలిబండ మేడ మీదికి వద్దాం. రాత్రి తొమ్మిదింటికి అక్కడ కనిపించేదంతా పద్దెనిమిది నుంచి ముప్పై ఏళ్ల మగపిల్లలు. ఒంట్లో కండ దానంతటదే నిలిచే వయసు వాళ్లది. ఇనుము ఇవ్వగలిగిన మేలులో వాళ్లకు ఇప్పుడు దక్కేది అందరికన్నా తక్కువ. అందరికన్నా ఎక్కువ దక్కాల్సినవాళ్లు ఆ వేళకు ఇళ్లలో ఉన్నారు: చక్కెర మాత్ర వేసుకుని పడుకునే యాభై ఏళ్ల నాన్న, మూడో అంతస్తుకు నీళ్ల బిందె మోయలేక మోకాళ్లు పట్టుకుని మధ్యలో కూర్చునే అమ్మ. ఇనుము మోస్తే ఏమొస్తుందని అడిగేదీ వాళ్లే. ఆడవాళ్లకు వేరే వేళలు పెట్టే జిమ్‌లు కొన్ని వచ్చాయి, చాలాచోట్ల అక్కడా బరువుల కన్నా నడిచే యంత్రాల దగ్గరికే తోస్తారు. పొద్దున పదకొండు నుంచి సాయంత్రం నాలుగు దాకా చాలా జిమ్‌లు ఖాళీగా పడి ఉంటాయి. అద్దె మాత్రం ఆ వేళకూ కడుతూనే ఉంటారు. ఆ వేళలో వారానికి రెండు రోజులు, అర ఫీజుకు, ఒక ఆడ ట్రైనర్‌ను పెట్టి, ఇరవై కిలోల రాడ్డు కూడా బరువనిపించేవాళ్లకు అయిదు కిలోల డంబెల్‌తో, కుర్చీలోంచి చేతులు ఆన్చకుండా లేవడంతో మొదలుపెట్టించొచ్చు. ఆరు నెలల తరువాత వాళ్ల ముందు పాతిక కిలోల బస్తా ఒకటి పెట్టి చూడాలి.